తోటక్క నేర్పిన ఈత

తోటక్క పోయిందన్న సంగతి నాకు పూల అంగడిలో తెలిసింది. చామంతులు మూరేస్తున్న ఆమె నా మాట తీరు విని, "మీది మావళ్ళి పక్కనామ్మా?" అని అడిగింది. ఒకప్పుడు అక్కడే ఉండేవాళ్ళమన్నాను. "అట్లయితే బావితోట ముసలామె మీకు తెలిసే ఉంటాది. పోయిన నెల కన్ను మూసింది పాపం" అంది, దారం తెంపుతూ. నేను పూలు తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. లాల్‌బాగు అవతల పెద్ద బావి ఉన్న పూలతోట ఉండేది కాబట్టి అందరికీ తోటక్క. ఆమె ముఖం గుర్తు చేసుకుందామని కూర్చుంటే ముందు చెయ్యి గుర్తొస్తుంది. ఏళ్ళ తరబడి పూలు కట్టి, దారం లాగీ లాగీ, చూపుడువేలు పక్కన కాయ కాచిన చెయ్యి. నీళ్ళలో వెల్లకిలా పడుకుంటే ఆ కాయ మన వెన్నుకి తగులుతూ ఉండేది. చెయ్యి తీసేముందు "తీస్తా ఉండా" అని చెప్పి తీసేది. చెప్పకుండా తీసిన రోజు ఒక్కటీ లేదు. మగవాళ్ళు పిల్లలకి ఈత నేర్పేటప్పుడు నడుముకి తాడు కట్టి గట్టు మీద నుంచి తోసేసేవాళ్ళు. ఆ మాట ఎత్తితే చాలు, ఆమెకి ఒళ్ళు మండేది. "తోస్తే ఈత వస్తాది, లేదనను. మళ్ళా ఆ బిడ్డ తోసినోని మొగం నమ్మకంగా చూస్తాడేమో అడుగు పో" అనేది.

కొత్తగా దిగినవాళ్ళ ముఖం వైపు ఆమె చూసేది కాదు, పాదాలు చూసేది. "మొగం ఎట్లైనా నటిస్తాది. కాలివేళ్ళకి ఆ విద్య రాదు." వేళ్ళు ముడుచుకుని రాతిమెట్టుని పట్టుకుని ఉన్నంతసేపు తర్వాతి మెట్టు దిగనిచ్చేది కాదు. బావి నీళ్ళు తోడే కపిల ఎద్దుల్ని "రాండప్పా, నడవండప్పా" అని మర్యాదగా పిలిచేది. మొగుణ్ణి మాత్రం ఏకవచనంలో కేకేసేది. ఆయనకీ అదే బాగున్నట్టుండేది.

నేను ఆమె దగ్గరికి ఈత కోసం పోలేదు. మా అత్తగారికి కాపలాగా పోయాను.

అప్పటికి నేను కాపురానికి వచ్చి ఏడాది. యుద్ధం రోజులు. మా ఆయనకి విమానాల కార్ఖానాలో పని. ఏ వేళకి పోతాడో, ఏ వేళకి వస్తాడో తెలిసేది కాదు. మామగారు పొద్దున్నే చిక్కపేటలోని నూలు అంగడికి పోయేవారు. ఇంట్లో ఉండేది అత్తగారు, నేను, నా చిన్న మరిది. వాడు ఆఖరివాడు, బడికి పోయే పిల్లవాడు. నన్ను వదినా అనేవాడు కాదు, "కొత్తమ్మా" అనేవాడు. ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన వారానికి వాడు బావితోటలో మునిగిపోయాడు.

తోటక్క పూలగంపతో మార్కెట్టుకి పోయిన వేళ చూసుకుని, వీధి పిల్లలు కొందరు కంచె దూరి బావిలోకి దిగారు. అన్నానికి రాలేదని అత్తగారు వెతుక్కుంటూ పోయేసరికి వాళ్ళు తడిబట్టలతో తలో దిక్కుకి పరుగెత్తుతున్నారు. ఆమె గట్టు చేరేటప్పటికి వాడి చెయ్యి ఇంకా నీటిపైన ఉంది. మణికట్టుకి కట్టిన నల్లదారం కూడా కనిపించిందట. ఆమె గట్టు మీద నిలబడి అరిచింది. అంతకంటే ఏమీ చేతకాలేదు. మగవాళ్ళు వచ్చి దూకేటప్పటికి నీళ్ళు కదలడం మానేశాయి.

ఆ తర్వాత ఆమె ఏడవలేదు. మాట్లాడనూ లేదు. వండేది, వడ్డించేది, అంట్లు తోమేది. మధ్యాహ్నం నేను కాస్త కునుకు తీస్తే మాయమయ్యేది. పోయి చూస్తే ఆ బావి గట్టు మీదే, కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చుని ఉండేది. రమ్మంటే వచ్చేది. మర్నాడు మళ్ళీ అక్కడే. చివరికి మామగారు అంగడికి పోతూ పోతూ బయట గొళ్ళెం పెట్టడం మొదలుపెట్టారు. లోపల ఆమె, నేను. ఆమె ఆ తలుపు వైపు చూస్తూ కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున తోటక్క మా ఇంటికి వచ్చింది. గంప గుమ్మం పక్కన దించి, గడప దాటకుండా నిలబడింది. ఆమెని చూడగానే మామగారి ముఖం నల్లబడింది.

"ఇంకేం మిగిలిందని వచ్చినావమ్మా?"

"తిట్టండప్పా, పడతా. తిట్టి అయినాంక నా మాట ఒకటి వినండి. మీ ఇంటామెను నా కాడికి పంపించండి. ఈత నేర్పిస్తా."

మామగారు గడప దాకా వచ్చారు. "నీకు మతి ఉండాదా లేదా? ఆమె దినామూ ఆ బావి కాడికి ఎందుకు పోతా ఉండాదో తెలీదా నీకు?"

"తెలిసే వచ్చినా. ఈ గొళ్ళెం ఎన్ని దినాలు పెడతారు? ఒక దినం మరుస్తారు. ఆ దినం నేను మార్కెట్టులో ఉంటా, మళ్ళా." ఆ 'మళ్ళా' దగ్గర ఆగి, కొంగు బిగించి దోపుకుంది. "నేను ఉండేటప్పుడు దిగనీండి. నేను చూస్తా ఉండంగా దిగనీండి."

మామగారు జవాబు చెప్పేలోగా వెనక అడుగుల చప్పుడైంది. అత్తగారు ఒక పాతచీర మడిచి చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది. మామగారు ఆమెని చూశారు, తోటక్కని చూశారు, ఆఖరికి నా వైపు తిరిగారు. "నువ్వు కూడా పోమ్మా. ఆమె చెయ్యి ఇడవద్దు" అన్నారు.

బావితోటలో ఆడవాళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడు కంచె మీద ఒక ఎర్రచీర ఆరేసి ఉండేది. అది చూసి మగవాళ్ళు అటు రారు. బావి చదరంగా, పెద్దది. ఒక పక్క రాతిమెట్లు. నేను అలవాటుగా గట్టు మీద కూర్చోబోయాను.

"నువ్వెందుకు వచ్చినావు అమ్మణ్ణీ?" అంది తోటక్క.

"మామగారు చూసుకోమన్నారు."

"చూసేటోళ్ళు నా బావి కాడ వద్దు. గట్టు మీద కూర్చోని చూసీ చూసీ ఆయమ్మకే చాలయింది. నువ్వు కూడా దిగు."

మొదట్లో మేము ఈదిందేమీ లేదు. మోకాటి లోతు మెట్టు మీద కూర్చోబెట్టి కబుర్లాడించేది. పొద్దున ఏం వండినారు? ఉలవలు నానేసినావా, వేయించినావా? మీ అమ్మ ఎట్ల చేస్తాది? నాకు పళ్ళు కొట్టుకుంటున్నా చెప్పక తప్పేది కాదు. నేను మాటల్లో పడగానే, "ఇంకొక మెట్టు" అనేది. నడుము లోతుకి వచ్చేసరికి ఊపిరి గొంతులోనే నిలిచిపోయేది. "మాట్లాడు, మాట్లాడు. మాట్లాడేటోళ్ళు ఊపిరి బిగబట్టలేరు" అని వీపు మీద తట్టేది. ఆ నీళ్ళంటే నాకు రోత, భయం రెండూ. ప్రతిరోజూ అందులో కాలు పెడుతుంటే ఆ పిల్లవాడి మీద కాలు వేస్తున్నట్టుండేది. అయినా మా పుట్టింటి వంటలన్నీ ఆ మెట్ల మీద చెప్పేశాను.

అత్తగారు ఏ ప్రశ్నకీ జవాబు చెప్పేది కాదు. చెప్పిన మెట్టు దిగేది. ఒకసారి తోటక్క ఆమె పాదాల వైపు వంగి చూసి, అట్లాగే ఉండిపోయింది. నేనూ చూశాను. ఆ కాలివేళ్ళు ముడుచుకోలేదు. మెత్తగా, ఇంట్లో పీట మీద ఉన్నట్టే ఉన్నాయి. గట్టెక్కాక తోటక్క నన్ను పక్కకి పిలిచి, "నీతో నాకేం కష్టం లేదు, భయపడతా ఉండావు. ఆమెకి భయం లేదు అమ్మణ్ణీ. నాకు కాళ్ళు చేతులు ఆడతా లేవు" అంది.

ఆ భయం నిజమయ్యే రోజు త్వరలోనే వచ్చింది. రొమ్ము లోతు నీళ్ళలో నిలబెట్టి, ముఖం ముంచి బుడగలు ఊదడం నేర్పుతోంది. నేను ఊది తలెత్తాను. అత్తగారు ముఖం ముంచింది. బుడగలు వచ్చాయి, సన్నబడ్డాయి, ఆగిపోయాయి. తల లేవలేదు. కొప్పు వీడి వెంట్రుకలు నీటి మీద పరుచుకున్నాయి. నేను "అత్తా" అని అరవబోతే తోటక్క అరచెయ్యి ఎత్తి ఆపింది. కళ్ళార్పకుండా అత్తగారి భుజాలు చూస్తోంది. అవి లేస్తాయేమోనని చూసినంతసేపు చూసి, ఇక లేవవని తెలిశాక, జుట్టు పట్టి పైకి లాగింది.

"ఇట్ల చూడక్కా. ఈత నేర్చుకునేకి వచ్చినావా, మునిగేకి వచ్చినావా?"

అత్తగారి ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గు ఆగాక, వారాల తర్వాత, ఆమె గొంతు విన్నాను.

"తెలీదు."

తోటక్క సరేనన్నట్టు తలాడించింది. గట్టెక్కి, కపిలకి కట్టే తాడులో పాతముక్క ఒకటి తెచ్చి, ఒక కొస అత్తగారి నడుముకీ రెండో కొస తన నడుముకీ ముడివేసింది. "తెలిసేదాకా ఇట్లే. నువ్వు పోతే నేనూ వస్తా. నాకు నలుగురు బిడ్డలు. చిన్నది ఇంకా పాలు తాగతా ఉండాది."

అత్తగారు ఆ ముడి వైపు చాలాసేపు చూసింది. "ఇప్పు" అంది.

"ఇప్పను."

"బిడ్డల తల్లివి, నీకు బుద్ధి లేదా? ఇప్పమంటా ఉండా!" గట్టిగా కసిరింది అత్తగారు. ఆ చావు తర్వాత ఆమెకి కోపం రావడం అదే మొదలు. తోటక్క ముడి మరింత బిగించి, "పొద్దున ఏం చేసినావక్కా?" అని అడిగింది.

ఆ రోజు జవాబు రాలేదు. కొన్నాళ్ళకి వచ్చింది. అప్పటికి అత్తగారు వెల్లకిలా తేలడం వరకు వచ్చింది. తాడు నడుమునే ఉంది, తోటక్క చెయ్యి వీపు కింద ఉంది. ఆకాశం వైపు చూస్తూ అత్తగారు తనంతట తనే మొదలుపెట్టింది. "ఆ పొద్దు చిత్రాన్నం చేసినా. వానికి చాల్లేదు. ఇంకా పెట్టమనినాడు. మీ నాయనకి కావాల, రాత్రికి చేస్తాలేరా అంటి." చెంపల మీద కారుతున్నది బావినీళ్ళో కన్నీళ్ళో తెలియలేదు. తోటక్క మెల్లగా అంది: "ఆ పొద్దు నా పూలు బేగ అమ్ముడుపోయినాయక్కా. ఇంటికి రావచ్చు. ఎవరితోనో ఊరికే మాట్లాడతా నిలబడుకుంటి. వాడు పోయినాంక నేనూ ఈ బావిలో కాలు పెట్టలేదు. నువ్వు వచ్చినాంకే దిగినా."

అత్తగారు విస్తుపోయి తల ఆమె వైపు తిప్పింది. తేలేటప్పుడు తల తిప్పితే ఏమవుతుందో ఈత వచ్చినవాళ్ళకి తెలుసు. బుడుంగున మునిగింది. తాడు లాగి తోటక్కా తూలింది. ఇద్దరూ నీళ్ళు మింగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దగ్గుతూ లేచారు. "నన్ను ముంచేకి ఇదేనా దొరికిన సమయం" అని అత్తగారు గొణిగింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒకరినొకరు "అక్కా" అనే పిలుచుకున్నారు. ఎవరు పెద్దో నాకు చివరిదాకా తేలలేదు.

వైశాఖం ఎండలకి బావిలో నీళ్ళు బాగా దిగిపోయాయి. తాడు విప్పేసిన కొన్నాళ్ళకి అత్తగారు ఒక కోరిక కోరింది.

"నాకు అడుగు చూడాల."

దేని అడుగో చెప్పనక్కర్లేదు. తోటక్క తడిచీర పిండుకుంటూ, పిండిందే మళ్ళీ పిండుకుంటూ ఉండిపోయింది. "నేను తోడొస్తా" అంది ఆఖరికి.

"వద్దు. నేనొక్కదాన్నే పోవాల."

మర్నాడు మేము పోయేసరికి కపిల తాడు చివర బండరాయి కట్టి, పిల్లవాణ్ణి పైకి తీసిన చోట బావిలోకి దింపి ఉంది. రెండో కొస తోటక్క చేతిలో ఉంది. నీటి అంచున, కింది మెట్టు మీద నిలబడింది. నేను పక్కన. "తాడు పట్టుకోని దిగు. తాడు పట్టుకోనే రా" అంది. అత్తగారు మెట్టు మీద నుంచి తాడు దాకా ఈది, గట్టిగా ఊపిరి పీల్చుకుని, చేతి మీద చెయ్యి వేసుకుంటూ కిందికి పోయింది. ముందు వెంట్రుకలు, తర్వాత చీర రంగు, తర్వాత ఏమీ కనిపించలేదు. పచ్చటి నీళ్ళు.

తోటక్క తాడుని రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఉండాది... పట్టుకోనే ఉండాది... అడుగు తగిలినట్టుండాది" అని నాకు చెబుతోంది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆమె కళ్ళు తెరుచుకున్నాయి.

"ఇడిసింది."

తాడు నా చేతిలో పడేసి దూకింది. నేను తాడు లాగాను. బండరాయి బరువు తప్ప దానికి ఇంకే బరువూ లేదు. ఆ బావిలో ఇద్దరు తల్లులు, మెట్టు మీద నేనొక్కదాన్ని. మా అత్తగారు ఆనాడు ఇక్కడ ఏమి పడిందో నాకు అప్పుడు ఒంటికి తెలిసింది.

నీళ్ళు చీలాయి. అవతలి గోడ పక్కన అత్తగారి తల లేచింది. ఆయాసపడుతూ, గోడరాయి పట్టుకుని, "తోటక్క ఏదీ?" అంది. కిందికి చూపించాను. అడుగు బురద లేచి నీళ్ళు మట్టిరంగుకి తిరిగాయి. లోపల ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె ఇంకా లోపలే వెతుకుతోంది.

"అక్కా!" అని అత్తగారు వేసిన కేక బావి నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. రాయి వదిలేసి, మళ్ళీ ముఖం ముంచింది, మళ్ళీ లేచింది, మళ్ళీ ముంచింది. మేమిద్దరం చూడని వైపు, మెట్ల పక్కనే, తోటక్క తేలింది. పెదవులు నల్లబడ్డాయి. అత్తగారు ఈదుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. తోటక్క ఊపిరి తిప్పుకుని, చెయ్యెత్తి అత్తగారి చెంప మీద చెళ్ళున కొట్టింది. కొట్టిన చేత్తోనే మెడ పట్టి గుండెకి అదుముకుంది.

అత్తగారు పిడికిలి విప్పింది. వేళ్ళ సందుల్లోంచి అడుగుమట్టి కారింది.

"ఇంతేనా అక్కా లోతు? ఇంతేనా?" అని అడిగింది. అడిగి, శివరాత్రి వెళ్ళినప్పటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. తోటక్క ఓదార్చలేదు. ఆమెతో పాటే ఏడ్చింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. దసరా నాటికి బావి పైమెట్ల దాకా నిండింది. తోటంతా చామంతులు విరగపూశాయి.

చిన్నోడు పోయిన రోజు పారిపోయిన పిల్లల్లో మా ఎదురింటివాడు ఒకడు. వాడే చిన్నోడికి ప్రాణస్నేహితుడు. అప్పటి నుంచి వాడు మా గుమ్మం ముందు నడవడం మానేశాడు. వెనక సందులోంచి చుట్టు తిరిగి పోయేవాడు. ఒకనాడు అత్తగారు నేరుగా వాళ్ళింటికి పోయి, "మీవాణ్ణి నాతో పంపు. ఈత నేర్పిస్తా" అంది. ఆ తల్లి ముఖంలో రక్తం లేదు. అత్తగారు ఇంటికి తిరిగి రాగానే ఆ తల్లి పరుగున తోటక్క దగ్గరికి పోయింది. కంగారుపడి నేనూ వెనకే పోయాను.

"ఆయమ్మ మనసులో ఏముండాదో నీకు తెలుసునా? నా బిడ్డను ఎట్ల ఇచ్చేది?"

తోటక్క పూలు కట్టడం ఆపలేదు. "మనసులో ఏముండాదో నాకు తెలీదమ్మా. నీళ్ళల్లో ఆమె చెయ్యి ఎట్ల ఉంటాదో తెలుసు. పంపు. నేనుంటా."

మర్నాడు మధ్యాహ్నం వాడు వచ్చాడు. తల్లికి అక్కడ నిలబడే ధైర్యం లేక కంచె బయటే ఆగిపోయింది. అత్తగారు నడుము లోతు నీళ్ళలో చేతులు చాపి నిలబడింది. వాడు రెండో మెట్టు మీద, గోడకి అతుక్కుని, తోటక్క వైపే చూస్తున్నాడు. తోటక్క ఎంత చెప్పినా వాడి చూపు ఆమె మీద నుంచి కదలలేదు. కాసేపు చూసి, ఆమె చీర పిండుకుని మెట్లెక్కి బయటికి నడిచింది.

"అక్కా, ఎక్కడికి?" అన్నాను, ఆమె వెనకే గట్టెక్కి.

"నేనుంటే వాడు నా పక్కే చూస్తాడు. ఆమె చేతికి రాడు."

"ఏమన్నా అయితే?"

ఆమె చామంతి సాళ్ళలోకి పోయి, మాకు వీపు పెట్టి, పూలు కోయడం మొదలుపెట్టింది. తోటలో పూలు తెల్లవారుజామున కోస్తారు. నడినెత్తిన ఎండలో ఎవరూ కోయరు. ఆమె కోస్తూనే ఉంది. బావిలోంచి అత్తగారి గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. వాడి ఏడుపు వినిపించింది. తర్వాత నీళ్ళు దబ్బుమన్నాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను బావి వైపు చూడలేక తోటక్కనే చూశాను. ఆమె చేతులు ఇంకా ఇంకా త్వరగా ఆడుతున్నాయి. పూలే కాదు, విచ్చని మొగ్గలు, ఆకులు, కాడలు, చేతికి ఏది దొరికితే అది తెంపి ఒడిలో వేసుకుంటోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

"పెద్దమ్మా! నేను తేల్తా ఉండా! పెద్దమ్మా, తేల్తా ఉండా!" అని వాడు గొంతు చించుకుని అరిచాడు.

తోటక్క చేతులు ఆగిపోయాయి. సాళ్ళ మధ్యే కూలబడి, ఒడిలోని పచ్చి మొగ్గల్ని గుప్పిట్లోకి తీసుకుని చూసుకుంది.

"అయ్యో, రేపటి పూలన్నీ పాడు చేసుకుంటి కదప్పా" అంది, తనలో తనే.